ఒంట్లో బాగున్నవాడి ప్రశ్న

యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుకు బలయ్యారు. ఆ దుఃఖమే ఆయన్ని వైద్యం వైపు నడిపించిందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. మద్రాసులో చదువు ముగించి అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లోనూ, తర్వాత లెడర్లీ ప్రయోగశాలలోనూ రాత్రింబవళ్లు శ్రమించి 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మీద తొలి మందులు, ఆరియోమైసిన్ వెనక ఆయన కృషి ఉంది. ఆయన బృందం ఇచ్చిన మందుల్లో మన ఊళ్లకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది డైఇథైల్ కార్బమజైన్. డీఈసీ అంటే కొందరికి తెలుస్తుంది. బోదకాలు మాత్ర అంటే గోదావరి జిల్లాల నుంచి నల్లగొండ దాకా అందరికీ తెలుస్తుంది.

మహమ్మారి రోజుల్లో టీకా కోసం జనం ముందుకు రావడం, వెనకాడడం గురించి మాట్లాడతానని నిర్వాహకులకు చెప్పాను. సుబ్బారావు గారి పేరిట జరిగే సభలో ఈ విషయం ఎందుకంటే, ఆయన మాత్ర మనకు నేర్పిన పాఠమే కరోనా టీకా దగ్గర మళ్లీ మన ముందుకొచ్చింది.

బోదకాలు క్రిమి దోమకాటుతో ఒంట్లో చేరుతుంది. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. దాని పిల్లక్రిములు రాత్రిపూటే రక్తంలోకి ఎక్కువగా వస్తాయి కాబట్టి సిబ్బంది రాత్రుళ్లు ఇళ్లకు వెళ్లి వేలికొన నుంచి నెత్తురు చుక్క తీసుకునేవారు. ఎవరి ఒంట్లో క్రిమి ఉందో చూసి చెప్పలేం కనుక ఊరందరికీ మాత్ర వేయాలి. 2004 నుంచి ఆ జబ్బు ఉన్న జిల్లాల్లో ఏటా ఆ పని జరిగింది. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుపడ్డవాళ్లు తప్ప అందరూ మింగాలి.

మాత్రలు తెచ్చిన ఆశా కార్యకర్తతో గుమ్మం దగ్గర జరిగే మాటలు ఇలా ఉంటాయి. "అక్కడ పెట్టి వెళ్లమ్మాయ్, అన్నం తిన్నాక వేసుకుంటాలే." "కాదు పిన్నీ, నా ముందే మింగాలి. నువ్వు తిని రా, నేను కూర్చుంటా." "నాకేం జబ్బుందని? నా కాళ్లు బాగానే ఉన్నాయిగా?" ఆ పిన్ని అడిగింది సరైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పే ఓపిక, తీరిక ఆ అమ్మాయికి ఉంటే మాత్ర కడుపులోకి వెళ్తుంది. లేకపోతే దేవుడి పటం వెనక చేరుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మాత్ర వేసుకున్న కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం వస్తాయి. ఒంట్లో ఉన్న పిల్లక్రిములు చచ్చేటప్పుడు శరీరం చూపించే స్పందన అది. అంటే జ్వరం వచ్చిందంటే చాలాసార్లు మందు అవసరం ఉన్న మనిషికే అందిందన్నమాట. ఈ మాట ముందే చెప్పిన ఊళ్లో జ్వరం వస్తే, చెప్పినట్టే వచ్చింది అనుకుంటారు. చెప్పని ఊళ్లో, మాత్ర వికటించింది అనుకుంటారు. మందు ఒకటే, జ్వరమూ ఒకటే. ముందు చెప్పారా లేదా అన్నదాన్ని బట్టి మరుసటి ఏడాది తలుపు తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది.

జబ్బుపడ్డవాడు మందు అడుగుతాడు. ఒంట్లో బాగున్నవాడు ప్రశ్న అడుగుతాడు. టీకా వేసేది బాగున్నవాడికే. కాబట్టి అతని ప్రశ్నకు జవాబివ్వడం సూది వేయడంతో సమానమైన వైద్యమని నా నమ్మకం. ఆ జవాబుకు విలువ ఉండాలంటే, చెప్పే మనిషి మీద నమ్మకం మహమ్మారి రాకముందే కుదిరి ఉండాలి. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

నాలుగు నెలల్లో మారిన మనసు

2021 జనవరి 3న మన దేశంలో రెండు టీకాలకు అనుమతి వచ్చింది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన కొవిషీల్డ్ ఒకటి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్, ఐసీఎంఆర్‌తో కలిసి రూపొందించిన కొవాగ్జిన్ రెండోది. అదే నెల 16న టీకాల కార్యక్రమం మొదలైంది. ముందు వంతు ఆరోగ్య సిబ్బందిది. తొలిరోజు 3 లక్షల మందికి వేయాలనుకుంటే దాదాపు 2 లక్షల మందే వేయించుకున్నారు. కొవిన్ యాప్ మొరాయించడం ఒక కారణం. సిబ్బందే వెనకాడడం మరో కారణం.

వాళ్లు చదువుకోనివాళ్లు కారు. టీకా అంటే ఏమిటో మనకు చెప్పేవాళ్లే. కొవాగ్జిన్ మూడో దశ పరీక్షల ఫలితాలు అప్పటికి వెలువడలేదు. క్లినికల్ ట్రయల్ పద్ధతిలోనే వాడాలన్న షరతు మీద అనుమతించారు కనుక వేయించుకునేవారు ప్రత్యేక అంగీకార పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చేది. ఫలితాలు రాకముందే మాకెందుకు అని కొందరు డాక్టర్లు అడిగారు. ఆ ఏడాది జులైలో పూర్తి లెక్కలు బయటికొచ్చాయి. లక్షణాలతో వచ్చే జబ్బు నుంచి 77.8 శాతం రక్షణ ఉందని తేలింది. నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆమోదించింది. టీకా మంచిదే, జనవరిలో అడిగిన ప్రశ్నా న్యాయమైనదే. ఈ రెండిట్లో ఒకటి ఒప్పుకుంటే రెండోది వదులుకోవాలనుకోవడం వల్లనే మన చర్చలన్నీ గొడవలుగా మారాయి.

ఫిబ్రవరిలో దేశంలో రోజుకు పది పన్నెండు వేల కేసులు వచ్చేవి. కరోనా వెళ్లిపోయిందన్నారు. టీకా కేంద్రాల్లో కుర్చీలు ఖాళీగా ఉండేవి. మే మొదటి వారంలో రోజుకు 4 లక్షలు దాటాయి. ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం ఊళ్లు తిరిగిన రోజులవి. మూడు నెలల కిందట ఖాళీగా ఉన్న కేంద్రాల ముందే తెల్లవారకుండా చెప్పులు, సంచులు వరసలో పెట్టారు. టీకా అయిపోయిందన్న బోర్డు చూసి తిరిగి వెళ్లారు. అదే టీకా, అదే జనం.

కాబట్టి వెనకంజ అనేది మనిషికి పుట్టుకతో వచ్చే గుణం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే దీన్ని ప్రపంచారోగ్యానికి పొంచి ఉన్న పది ముప్పుల్లో ఒకటిగా లెక్కించింది. ఆ సంస్థ నిపుణులు చెప్పే కారణాలు మూడు: టీకా మీద, వేసేవాళ్ల మీద నమ్మకం ఎంత, జబ్బు భయం ఎంత, టీకా అందుబాటు ఎంత. ఫిబ్రవరిలో భయం తగ్గింది. మేలో భయం పెరిగితే అందుబాటు తగ్గింది. వీటిలో వేటినీ చూడకుండా, జనానికి అవగాహన లేదనే ఒక్క మాటతో మనం సరిపెట్టుకున్నాం.

అందుబాటు సంగతి చూద్దాం. కొవిషీల్డ్ సీసాలో పది డోసులు ఉంటాయి. మూత తీసిన నాలుగు గంటల్లో వాడెయ్యాలి. టీకా కరువున్న రోజుల్లో ఒక్క డోసు వృథా అయినా లెక్క చెప్పాలి. అందుకని ఏఎన్ఎం ఏడెనిమిది మంది పోగయ్యేదాకా సీసా తెరవలేదు. పొద్దున్నే వచ్చిన కూలీ గంటసేపు చూశాడు. వేసుకున్నాక అరగంట కూర్చోవాలన్నారు. రాత్రికి జ్వరం వస్తే రేపటి కూలీ కూడా పోతుంది. అతను లేచి పనికి వెళ్లిపోయాడు. రిజిస్టరులో అతను టీకా ఇష్టపడని మనిషి. నిజానికి అతను రెండు రోజుల కూలీ పోగొట్టుకోలేని మనిషి. ఇంకోపక్క 18 నుంచి 44 ఏళ్లవారు ఫోనులో స్లాట్ పట్టుకోవాలన్నారు. వేళ్లు చురుగ్గా కదిలినవారికే అది దొరికేది. ఆ వయసువారు డబ్బు పెట్టి టీకా కొనుక్కోవాలన్న విధానం ఏకపక్షమనీ, హేతువుకు నిలబడదనీ సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. జూన్ 21 నుంచి కేంద్రమే అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలైంది.

జవాబు ఆలస్యమైతే

తమిళ హాస్యనటుడు వివేక్ 2021 ఏప్రిల్ 15న చెన్నైలోని ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా వేయించుకున్నారు. అందరూ వేయించుకోండని విలేకరుల ముందు చెప్పారు. మర్నాడు గుండెపోటుతో కుప్పకూలారు. 17న చనిపోయారు. మంచి మనసుతో ముందుకొచ్చిన మనిషి మరణమే టీకా మీద అనుమానంగా మారింది. టీకాకూ ఆయన మరణానికీ సంబంధం లేదని జాతీయ నిపుణుల సంఘం తేల్చింది. ఆ మాట అక్టోబరులో వెలువడింది. ఏప్రిల్‌లో అడిగిన ప్రశ్నకు అక్టోబరులో జవాబొస్తే మధ్యలో ఉన్న ఆరు నెలలూ వాట్సాప్‌వే. విచారణకు సమయం పట్టడం సహజం. కానీ విచారణ ఎంతవరకు వచ్చింది, ఏం చూస్తున్నారు, ఎప్పుడు చెబుతారు అన్నవి వారం వారం చెప్పడానికి ఏ అడ్డూ లేదు.

రక్తం గడ్డకట్టే అరుదైన సమస్య విషయంలోనూ ఇంతే. ఆస్ట్రాజెనెకా టీకాతో (మన కొవిషీల్డ్ అదే) అలాంటిది జరగవచ్చని 2021 ఏప్రిల్‌లో ఐరోపా ఔషధ సంస్థ ప్రకటించింది. డెన్మార్క్ ఆ టీకానే ఆపేసింది. మన దేశంలో మే నెలలో నిపుణుల సంఘం నివేదిక ఇచ్చింది. అలాంటివి కావచ్చనుకున్న కేసులు 26 అనీ, 10 లక్షల డోసులకు 0.61 అనీ లెక్క చెప్పింది. టీకా తర్వాత 20 రోజుల్లో ఆయాసం, ఛాతీనొప్పి, కాళ్ల వాపు, విడవని తలనొప్పి వంటివి వస్తే వెంటనే ఆసుపత్రికి రమ్మంది. మంచి నివేదిక, నిజాయితీ ఉన్న సలహా. కానీ సూది వేసే బల్ల దగ్గర ఈ నాలుగు మాటలూ ఎందరు విన్నారు? ఈ సభలో కొవిషీల్డ్ వేసుకున్నవారు గుర్తు చేసుకోండి. 2024లో ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టులో ఈ విషయం ఒప్పుకుందన్న వార్త రాగానే దేశమంతా ఉలిక్కిపడింది. మూడేళ్ల కిందట మన ప్రభుత్వ పత్రంలోనే ఉన్న సంగతి కొత్తగా బయటపడ్డ రహస్యంలా కనిపించింది. సకాలంలో చెప్పిన చేదునిజం జాగ్రత్తగా మిగులుతుంది. ఆలస్యంగా తెలిసిన అదే నిజం ద్రోహంగా మిగులుతుంది.

2021 మే నెలలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో, కరోనాకని ఆనందయ్య అనే ఆయన ఇచ్చే మందు కోసం వేలమంది బారులు తీరారు. దూరప్రాంతాల నుంచి అంబులెన్సుల్లో వచ్చారు. ప్రభుత్వం ఆపించి, పరిశీలన జరిపించి, కంట్లో వేసే మందును అనుమతించకుండా కొన్నిటిని ఇవ్వవచ్చని నెలాఖరున చెప్పింది. ఆ మందు కరోనాను నయం చేస్తుందనడానికి ఆధారాలు లేవు. ఆ మాట వైద్యుడిగా నేను స్పష్టంగా చెప్పాలి. అయితే ఆ బారుల్ని చూసి మూఢనమ్మకమని తీసిపారేసినవారితో నేను ఏకీభవించను. ఆసుపత్రిలో మంచం దొరకని రోజున, అక్కడ ఒక మనిషి ఎదురుగా నిలబడి, డబ్బడగకుండా, అందరూ చూస్తుండగా తన చేత్తో మందిచ్చాడు. జనం వెతుక్కున్నది ముఖం తెలిసిన మనిషిని, మర్యాదగా మాట్లాడే మనిషిని. శాస్త్రం దగ్గర సరైన మందు ఉన్నప్పుడు దాన్ని అంత మర్యాదతోనే అందించాలి.

పాత బాకీలు

జనం కొత్త టీకాను పాత జ్ఞాపకాలతో చూస్తారు. తెలుగువారికి ఆ జ్ఞాపకాల్లో ఖమ్మం ఒకటి. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను అమెరికాకు చెందిన పాథ్ సంస్థ చేపట్టిన ప్రాజెక్టులో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి వేశారు. చాలామంది ప్రభుత్వ హాస్టళ్లలో ఉండే గిరిజన, పేద కుటుంబాల పిల్లలు. ఖమ్మంలోనూ గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలు టీకా వల్ల కాదని విచారణలో తేలింది. నీట మునగడం, పాముకాటు వంటివి కారణాలన్నారు. అదే విచారణలో మరో సంగతి బయటపడింది. రెండు వేలకు పైగా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

ఆ టీకా మంచిది. ప్రపంచంలో ఎన్నో దేశాల్లో ఆడవాళ్ల ప్రాణాలు కాపాడుతోంది. కానీ ఒక తండ్రి సంతకం అడగకపోవడం వల్ల ఆ టీకా పేరే మన దగ్గర పదేళ్లకు పైగా వివాదమైంది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది మళ్లీ పేద ఆడపిల్లలే. 2021లో ఏజెన్సీ ఊళ్లకు సూది పట్టుకొని వెళ్లినప్పుడు, మా మీద పరీక్షలు చేస్తున్నారా అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నకు చరిత్ర ఉందని మనం గుర్తించాలి.

ఇంకాస్త వెనక్కి వెళ్తే బీసీజీ ఉంది. 1948లో ఈ దేశంలో క్షయ టీకా తొలి ప్రయత్నాలు జరిగిన చోట్లలో మన మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం పేరు పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1955లో మద్రాసులో రాజాజీ అంతటివారు ఈ సామూహిక టీకాను బాహాటంగా వ్యతిరేకించారు. ఆయన వాదనల్లో చాలా వాటిని ఇవాళ మనం ఒప్పుకోలేం. అయినా, ఇది ఎంతవరకు పనిచేస్తుందో తేల్చారా అన్న ప్రశ్న మాత్రం నిలిచింది. 1968లో చెంగల్పట్టులో లక్షల మంది మీద పెద్ద పరిశీలన మొదలుపెట్టారు. పెద్దవాళ్లలో వచ్చే ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపడం లేదని అందులో తేలింది. పసిపిల్లలను మెదడుకు పాకే క్షయ నుంచి కాపాడుతుంది కనుక నేటికీ పుట్టగానే వేస్తున్నాం. ప్రశ్న వల్ల టీకా ఓడిపోలేదు. దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తెలిసింది.

బలవంతం పనిచెయ్యదా?

మహమ్మారి ముంచుకొచ్చినప్పుడు ఒక్కొక్కరినీ ఒప్పించే తీరిక ఎక్కడిదని అడిగే మిత్రులున్నారు. వాళ్ల ఆందోళనను నేను గౌరవిస్తాను. 2021 అక్టోబరులో తెలంగాణలో, టీకా వేసుకోనివారికి రేషన్, పింఛను ఆపేస్తారన్న మాట గుప్పుమంది. అది నిజం కాదని అధికారులే ఖండించాల్సి వచ్చింది. బియ్యం పోతాయన్న భయంతో చెయ్యి చాచిన ముసలమ్మకు ఆ రోజు టీకా పడుతుంది. మర్నాడు జ్వరమొస్తే ఆమె ఆ మాట ఎవరికీ చెప్పదు, ఆసుపత్రికీ రాదు. తర్వాతి టీకాకు మనవణ్ణి దాచేస్తుంది. 2021 మే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లాలో టీకా బృందాన్ని చూసి కొందరు సరయూ నదిలో దూకిన వార్త మనం చదివాం. భయపెట్టి ఆ మనుషుల్ని గట్టుకు తేలేం.

2022 మే 2న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల ధర్మాసనం ఈ విషయంలో తీర్పు చెప్పింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, తన శరీరం మీద మనిషికున్న హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణలో భాగమని చెప్పింది. ప్రజారోగ్యం కోసం సహేతుకమైన పరిమితులు విధించే అధికారం ప్రభుత్వానికి ఉందని కూడా చెప్పింది. టీకా విధానాన్ని తప్పుపట్టలేదు. దుష్ప్రభావాల సమాచారం జనానికి అందుబాటులో ఉంచమంది. నా దృష్టిలో ప్రజారోగ్యంలో పనిచేసే ప్రతివారూ చదవాల్సిన తీర్పు అది.

ఒప్పించడం ఆలస్యమయ్యే పని అనుకోవడం పొరపాటు. 2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. గ్రామ, వార్డు సచివాలయాలు, వలంటీర్లు, ఆశాలు, ఏఎన్ఎంలు ముందే ఇంటింటి జాబితాలు పట్టుకొని ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది. ఆ ఇంట్లో గర్భిణి ఎవరో, బీపీ మందులు వాడే తాతయ్య ఎవరో వాళ్లకు తెలుసు. సీసాలో అదనంగా ఉండే కాస్త మందును కూడా వదలకుండా పదకొండో డోసు తీసిన కేరళ నర్సుల నైపుణ్యాన్ని దేశమంతా మెచ్చుకుంది. అక్టోబరు 21కి దేశంలో వంద కోట్ల డోసులు, మరుసటి ఏడాది జులైకి రెండు వందల కోట్లు పూర్తయ్యాయి. ఇందులో సింహభాగం ఇష్టపడి చాచిన చేతులే. మన జనం టీకా వ్యతిరేకులన్న మాట ఈ అంకెల ముందు నిలవదు.

చేయాల్సిన పనులు

ఇల్లు కాలుతుండగా బావి తవ్వితే లాభం లేదని మన పెద్దలు చెప్పారు. తర్వాతి మహమ్మారి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఈలోగా నాలుగు పనులు జరగాలని నేను కోరుతున్నాను.

మొదటిది, టీకా వేసే ప్రతిచోటా ముందు రాగల ఇబ్బందులు చెప్పాలి. సాధారణంగా వచ్చేవి, అరుదుగా వచ్చేవి, ఏది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి తెలుగులో, గోండి, కోయ, సవర భాషల్లో, నోటితో చెప్పాలి. కరపత్రం చేతిలో పెడితే చెప్పినట్టు కాదు.

రెండోది, టీకా తర్వాత మరణమో, తీవ్రమైన జబ్బో సంభవిస్తే విచారణ ఎక్కడిదాకా వచ్చిందో ఆ కుటుంబానికీ ఊరికీ ఎప్పటికప్పుడు చెప్పాలి.

మూడోది, నష్టపరిహారం. పదిమంది క్షేమం కోసం చెయ్యి చాచిన మనిషికి, లక్షల్లో ఒకరికైనా, హాని జరిగితే ఆ బరువు ఆ ఇంటి మీదే వదిలేయడం అధర్మం. బ్రిటన్ 1979లోనే ఇందుకు చట్టం చేసింది. అమెరికా 1986లో చేసింది. మన ప్రభుత్వం 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు, తమపై బాధ్యత మోపలేమనీ, బాధితులు సివిల్ కోర్టుకు వెళ్లవచ్చనీ చెప్పింది. టీకా తర్వాత బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు అది చాలిన జవాబు కాదు. ఎవరి తప్పో రుజువు చేయమని వాళ్లను కోర్టుల చుట్టూ తిప్పకుండా పరిహారం ఇచ్చే పద్ధతి మనకు కావాలి. దేశం మా వెంట ఉంటుందన్న భరోసా లక్ష పోస్టర్లకన్నా ఎక్కువమందిని టీకా కేంద్రానికి తెస్తుంది.

నాలుగోది, ఆశాలకు, ఏఎన్ఎంలకు గౌరవప్రదమైన జీతం, భద్రమైన ఉద్యోగం. మహమ్మారిలో జనం మంత్రులకన్నా, సినిమా తారలకన్నా ఎక్కువగా నమ్మింది వీధి చివర ఉండే ఆ అమ్మాయిని. ఆమెకు నెలల తరబడి బకాయిలు పెట్టి, ఆపద రాగానే పూలు చల్లితే ఆ నమ్మకం నిలవదు.

నర్సింగ్ విద్యార్థినులకు చివరగా ఒక మాట. సుబ్బారావు గారు జబ్బులకు మందులు వెతుకుతూ ప్రయోగశాలలో జీవితం గడిపారు. ఆ శ్రమ ఫలం మనిషి ఒంటికి చేరే ఆఖరి అడుగు మీ చేతుల్లో ఉంది. రేపు మీ ఎదుట కూర్చున్న మనిషి, నాకేం జబ్బుందని ఈ సూది అని అడిగితే విసుక్కోకండి. తెలిసింది చెప్పండి. తెలియకపోతే కనుక్కొని చెబుతానని మాటివ్వండి, ఇచ్చిన మాట ప్రకారం మళ్లీ ఆ గుమ్మానికి వెళ్లండి. అప్పటికీ వద్దంటే మర్యాదగా లేచి రండి, మళ్లీ వారం వెళ్లండి. అలా వెళ్లేందుకు మీకు తీరిక, జీతం, రక్షణ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. ఆ బాధ్యతను గుర్తుచేస్తూ ఉండడం ఈ సభలో ఉన్న మా అందరి బాధ్యత.